మందు ఎక్కడుంటే మిషన్ అక్కడ

“జాకెట్టు చెయ్యి కిందికి గుంజుకో అత్తమ్మా. చూసిన గద. ఇగ దాస్తె ఏమొస్తది?”

ఆ మాట అనేసి నవత కుర్చీలో కూలబడింది. మనోరమ జాకెట్టు చేయి కిందికి లాక్కుంది గానీ, గుడ్డ కింద రూపాయి బిళ్లంత సెన్సర్ ఉబ్బెత్తుగా కనబడుతూనే ఉంది. ఆమె కొంగు నిండా కప్పుకుని మంచం మీద కూర్చుంది. కోడలి వైపు చూడలేదు.

ఆ సెన్సర్ ఉండవలసింది మనోరమ చేతి మీద కాదు, ఆమె భర్త రామ్‌కిషన్ చేతి మీద. హైవే పక్కన ఉన్న దవాఖానలో షుగర్ వ్యాధికి ఒక కొత్త మాత్ర మీద పరిశోధన నడుస్తోంది. ఆ మందు ఇంకా బజారుకు రాలేదు. వాడి చూడటానికి ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్లలో రామ్‌కిషన్ ఒకడు. వాళ్లందరి మాత్రలు, సెన్సర్లు, రక్తపరీక్షలు చూసుకునే కోఆర్డినేటర్ ఎవరయ్యా అంటే ఆయన సొంత కోడలు నవత.

నిన్న సాయంత్రం ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని మామగారి సెన్సర్ గీత చూస్తుంటే నవతకు మొదట నవ్వొచ్చింది. ఏదైనా తిని రక్తంలో షుగర్ పెరిగినప్పుడల్లా ఆ గీత పైకి లేవాలి. పొద్దుటి నుంచి అది లేవనే లేదు. వెనక్కి వెళ్లి చూసింది. ప్రతి సోమవారం అంతే. చాయ్ ఒక్కపూట ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరి వేసే మనిషి రామ్‌కిషన్. ఆ ఇంట్లో ఝరాసంగం దేవుడి పేరు మీద సోమవారం ఒక్కపొద్దు ఉండేది ఒక్కరే. నవ్వు అక్కడే ఆగిపోయింది. అడగాలా వద్దా అని రాత్రంతా నలిగి, తెల్లవారగానే అత్తగారి జాకెట్టు చేయి పైకి తీసి చూసింది.

రామ్‌కిషన్ కోహీర్ దగ్గరి అల్లం చేనుకు పోవడానికి తువ్వాల భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బయటికి పోలేదు, లోపలికీ రాలేదు. ఆయన జన్మలో అబద్ధమాడలేదని బజారంతా అంటుంది. ఆయన కూడా అదే అనుకుంటాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

“నేనేం దొంగతనం చెయ్యలే,” అన్నాడు. “మీ అత్తకు నాకంటె షుగర్ జాస్తి. ముందుగాల ఆమెనే తీసుకోమన్న. కిడ్నీల నంబరు బాగలేదని వెనక్కి పంపిన్రు. నన్ను తీసుకున్నరు. నాకేమైంది? తింటున్న, తిరుగుతున్న. ఆకలైనోళ్లను లేపి, కడుపు నిండినోన్ని విస్తరి ముందట కూసోబెట్టినట్టున్నది మీ పని.”

“అందుకని మీ గోలీలు ఆమెకిచ్చిన్రు.”

“ఇచ్చిన. మొదటి దినం నుంచి ఇస్తున్న.”

“మరి సెన్సర్ ఆమె చేతికెందుకు పెట్టిన్రు మామా?”

ఈ ప్రశ్నకు ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. చదువుకున్న కోడలికి ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూశాడు.

“మందు ఎక్కడుంటె మిషన్ అక్కడుండాలె గద బిడ్డా. మందు ఆమె కడుపుల, మిషన్ నా చేతికి ఉంటె మీ లెక్క తప్పుతది. తప్పు లెక్క నేను ఇయ్యను.”

నవతకు ఏడవాలో, తల గోడకు కొట్టుకోవాలో తెలియలేదు. పాత సెన్సర్ గడువు తీరగానే కొత్తది ఇంటికిచ్చి పంపేవాళ్లు. ఆయనే భార్య చేతిని స్పిరిట్‌తో తుడిచి, కోడలు నేర్పినట్టే నొక్కి పెట్టాడట. పరీక్షల రోజున మాత్రం తానే పోయి రక్తం ఇచ్చి వచ్చాడు. సంతకం తనది కాబట్టి రక్తం తనదే ఉండాలట. మాత్రలు ఒకరివి, రక్తం ఇంకొకరిది. ఇన్ని నెలలు ఆమె శ్రద్ధగా కంప్యూటర్‌లోకి ఎక్కించింది ఈ కలగూరగంపనే.

నైట్ డ్యూటీ దిగి వచ్చిన జగదీశ్ ట్రాక్టర్ కంపెనీ చొక్కా కూడా విప్పకుండా వింటున్నాడు. తండ్రి వైపు ఒకసారి, భార్య వైపు ఒకసారి చూసి, స్నానం చేసి వస్తానని లోపలికి పోయాడు. ఎప్పుడూ అంతే. ఇంట్లో గొంతులు లేస్తే అతనికి స్నానం గుర్తొస్తుంది.

కిడ్నీలు బాగాలేని వాళ్లను ఎందుకు తీసుకోలేదో నవత మళ్లీ మొదటి నుంచి చెప్పింది. అది పగా కాదు, పక్షపాతమూ కాదు. ఆ మందు కిడ్నీల గుండా బయటికి పోవాలి, పోకపోతే లోపలే పేరుకుపోతుంది. అసలు ఆ మాత్రల్లో మందు ఉందో లేదో కూడా ఎవరికీ తెలియదు. సగం మందికి అసలు మందు, సగం మందికి అదే రంగులో, అదే సైజులో ఉత్త మాత్రలు. ఎవరికి ఏది వచ్చిందో నవతకు తెలియదు, డాక్టర్‌కూ తెలియదు. రెండు గుంపులకూ తేడా చూస్తేనే మందు పని చేస్తుందో లేదో తేలుతుంది.

మనోరమ అప్పటికి నోరు తెరిచింది.

“ఉత్త గోలీలకు పుండు మానుతదా?”

చీర కాస్త పైకి జరిపి ఎడమ పాదం చాపింది. పోయిన ఏడాది అల్లం తవ్వేటప్పుడు గుచ్చుకున్న ముల్లు అరికాల్లో పుండైంది. ఎన్ని మందులు పూసినా, ఎన్ని ఇంజెక్షన్లు పొడిచినా మూసుకోలేదు. కట్టు విప్పినప్పుడల్లా ఇల్లంతా వాసన. ఇప్పుడక్కడ నల్లటి మచ్చ ఒక్కటే ఉంది.

“రాయికోడ్‌ల మా అక్కకు గిట్లనే మొదలైంది. మోకాలి మీదికి కోసిన్రు. ఇయ్యాల మంచం మీదికెల్లి దించాలన్నా ఇద్దరు గావాలె. పెద్దకోడలు ఒకమాట, చిన్నకోడలు ఒకమాట. నేను పోతె నా చెయ్యి పట్టుకొని ఏం అడుగుతదో తెల్సా? నన్ను జర బాయిల పడెయ్యమంటది.” మనోరమ గొంతు వణకలేదు, గట్టిపడింది. “ఈ గోలీలు బంద్ పెడ్తె నా కాలు నువ్విస్తవా?”

నవత చూపు మచ్చ మీద లేదు, కాలి వేళ్ల మీద ఉంది. మట్టెలు వేళ్లలోకి దిగబడి ఉన్నాయి. చుట్టూ కండ ఉబ్బి వెండి సగం కనబడటం లేదు. ఆమె లేచి వచ్చి కింద కూర్చుని, అత్తగారి చీలమండ మీద బొటనవేలితో నొక్కి తీసింది. గుంట పడింది. ఆ గుంట అట్లాగే ఉండిపోయింది.

“ఎప్పటి నుంచి?”

మనోరమ చీర కిందికి జరుపుకుంది. ఉగాది ముందటి నుంచే కాళ్లు బరువుగా ఉన్నాయని, పొద్దున లేస్తే కళ్ల కింద కూడా ఉబ్బుతోందని, ఎండలకేమో అనుకున్నానని నెమ్మదిగా చెప్పింది. ఎండలకు అనుకున్న మాట అబద్ధమని ఆమె ముఖమే చెబుతోంది.

రామ్‌కిషన్ గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు. “నాకెందుకు చెప్పలే?”

“చెప్తె గోలీలు ఇయ్యవు.”

ఆయన భుజం మీది తువ్వాల తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. ఆ రోజు చేనుకు పోలేదు.

నవత ల్యాబుకు ఫోన్ చేసి మనిషిని పిలిపించింది. మనోరమ చెయ్యి ఇయ్యనని మొండికేస్తే, రక్తం తీసినంత మాత్రాన మాత్రలు ఎవరూ గుంజుకోరని బుజ్జగించింది. అది సగం అబద్ధం. అప్పటికి అంతకంటే మంచి మాట ఆమెకు దొరకలేదు. సెన్సర్ తానే ఊడదీసింది. మిగిలిన మాత్రలు సంచిలో వేసుకుని దవాఖానకు బయలుదేరింది. ఆ పొద్దున వేసుకోవలసిన మాత్ర అత్తగారు వేసేసుకుందని ఆమెకు అప్పటికే తెలుసు.

*

డాక్టర్ అఖిలేష్ అంతా విని ముందు లేచి వెళ్లి తలుపు మూశాడు.

ఆయన చెడ్డవాడేం కాదు. చిన్న వయసు, పెద్ద చదువు. జహీరాబాద్ లాంటి ఊళ్లో కూడా పరిశోధన జరగాలని, ఇక్కడి షుగర్ రోగుల మీద పరీక్షించని మందు ఇక్కడివాళ్లకు ఎట్లా రాస్తామని మీటింగుల్లో వాదించి ఈ సెంటర్ తెచ్చుకున్నవాడు. అయితే వానకాలంలో పేషెంట్లు తక్కువ పడ్డారు. ఆ దినాల్లోనే రామ్‌కిషన్ తనంతట తానే క్యాంపుకు వచ్చాడు. స్టాఫ్ చుట్టాలను తీసుకోకూడదు సార్ అని నవత అప్పుడే చెప్పింది. చేను దగ్గరి కోహీర్ అడ్రస్ రాస్తే ఎవరూ అడగరని డాక్టరే అన్నాడు. నవత ఊరుకుంది.

“చూడండి నవతా,” అన్నాడు డాక్టర్, గొంతు తగ్గించి. “మీ మామగారు ఇష్టం లేక మానుకున్నారని రాద్దాం. ఎవరైనా ఎప్పుడైనా మానుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. సెన్సర్, మాత్రలు వెనక్కి తీసుకున్నాం. అయిపోయింది.”

అంత తేలిగ్గా అయిపోతుందా అని నవత అడగబోతుండగా ఫోన్ మోగింది. ల్యాబు నుంచి రిపోర్టు. ఆమె చూసి ఫోన్ డాక్టర్ ముందు పెట్టింది. సెంటర్‌లో మొదట మనోరమను తిప్పి పంపినప్పటి నంబరుకు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఇప్పుడు దాదాపు రెండింతలు ఉంది.

అఖిలేష్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కాసేపు ఆయన నిజంగా డాక్టర్‌గానే మాట్లాడాడు. ఆలస్యం చేయవద్దని, ఇవాళే హైదరాబాద్ తీసుకుపోయి కిడ్నీల డాక్టర్‌కు చూపించమని, తనకు తెలిసిన ఆయన ఉన్నాడని, ఫోన్ చేసి చెబుతానని అన్నాడు.

“అక్కడికి పోంగనే ఏం మందు వేసుకున్నదని అడుగుతరు సార్. ఏమని చెప్పాలె?”

ఆయనకూ తెలుసు. అసలు మందే అయితే వైద్యం ఒక దారి. ఉత్త మాత్రలైతే ఈ వాపు ఇంకెక్కడి నుంచో వచ్చింది, దాన్ని వెతకాలి. ఏ మాత్రో తెలియాలంటే కంపెనీ దగ్గరున్న కోడ్ విప్పాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు విప్పుతారు. అందుకు ఒక ఎమర్జెన్సీ నంబర్ ఉంది, ప్రతి పేషెంట్ జేబులో ఉండే కార్డు మీద అచ్చువేసి ఉంటుంది.

డాక్టర్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. వాటితోపాటే మాట కూడా మారింది.

“మీ మామగారికే వాపు వచ్చిందని చెప్పండి. ఆయన నంబర్ మీదే కోడ్ ఇస్తారు. మీ అత్తగారికి సరైన వైద్యం అందుతుంది. మీ ఉద్యోగం ఉంటుంది, నా సెంటర్ ఉంటుంది. ఎవరికి నష్టం?”

ఒక్క క్షణం నవతకు అది ఎంతో చక్కటి దారిలా తోచింది. ఎందుకు తోచదు? ఎం.ఫార్మసీ చదివి, మందుల షాపుల్లో చాలని జీతానికి నిలబడి, ఆఖరికి సొంత ఊళ్లో చదువుకు తగిన పని దొరికింది. ఆమెను పర్మనెంట్ చేసే ఆర్డర్ ఆ బల్ల మీదే, ఆయన చేతి కింద సంతకం కోసం ఆగి ఉంది. ఆయన దాని వైపు చూడలేదు, చూపించనూ లేదు. అవసరం లేదు కాబట్టి.

“అట్ల చెప్తె, కిడ్నీలు మంచిగున్న మనిషికి ఈ మందు కిడ్నీలు చెడగొట్టిందని లెక్కకెక్కుతది సార్. నిజంగ చెడిపోయినోళ్లకు ఏమైందో ఎవ్వరికీ తెల్వకుంటనే పోతది. రేపు ఇది బజారుకొస్తె మా అత్తమ్మ లాంటోళ్లు ఎంతమంది పక్కింటోళ్ల గోలీలు అడుక్కొని వేసుకోరు? వాళ్లకెవరు చెప్తరు?”

“అవన్నీ జహీరాబాద్‌లో కూర్చుని మనం తేల్చేవి కావు.”

“ఇక్కడివాళ్ల మీద చూడకుంట ఇక్కడివాళ్లకు ఎట్ల రాస్తమని మీరే అన్నరు గద సార్.”

డాక్టర్ ముఖం ఎర్రబడింది. బయట బొంబాయి వైపు పోయే లారీల రొదకు కిటికీ అద్దాలు అదురుతున్నాయి. చివరికి ఆయన, ఆలోచించుకుని రమ్మని, సాయంత్రం దాకా తానేమీ చేయనని చెప్పాడు. అందులో బెదిరింపు లేదు, బతిమాలింపు ఉంది. నవతకు అదే ఎక్కువ చిరాకు తెప్పించింది.

*

ఇంటికి వచ్చేసరికి జొన్నరొట్టెలు చేసి ఉన్నాయి. కాళ్లు వాచిన మనిషి పొయ్యి దగ్గర నిలబడి అందరికీ రొట్టెలు చేసింది, ఎవరూ వద్దనలేదు. నవతకు ఒళ్లు మండింది. వద్దనడానికి తాను ఇంట్లో లేదు, ఉన్న మగవాళ్లిద్దరికీ తోచలేదు.

ఎవరి పళ్లెంలోనూ రొట్టె కదలలేదు. రిపోర్టు సంగతి, డాక్టర్ చెప్పిన సంగతి ఆమె దాచకుండా చెప్పింది. కిడ్నీ అనే మాట విన్నప్పుడు మనోరమ తల ఎత్తలేదు. తర్వాత లేచి నడింట్లోకి పోయి మంచం మీద పడుకుంది.

జగదీశ్ ఈసారి స్నానానికి పోలేదు. వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

“డాక్టరే చెప్తుండు గద, నాయిన పేరు చెప్పమని. నీకేం కష్టం?”

నవత తన కష్టమేమిటో చెప్పింది. అతను విన్నాడు, కానీ అతని చెవికి అదంతా ఎక్కడో ఎవరికో సంబంధించిన మాట. తన తల్లి పక్క గదిలో ఉంది. తెలియని వాళ్ల కిడ్నీల గురించి ఇప్పుడు మాట్లాడే భార్య మీద అతనికి కోపమొచ్చింది. నీ ఉద్యోగం పోతుంది, నాన్న పేరు పది నోళ్లలో నానుతుంది, కేసు పెడితే ఎవరు తిరుగుతారు, ఈ ఉద్యోగం దొరికేదాకా నువ్వు ఎట్లా ఏడ్చావో మరిచిపోయావా అని వరసపెట్టి అడిగాడు. అన్నీ నిజాలే. అందుకే నవత ఎదురు చెప్పలేకపోయింది.

“నువ్వు ముందుగాల ఈ ఇంటి కోడలువు. తర్వాతనే ఆ ఆఫీసు మనిషివి,” అన్నాడు చివరికి.

“కోడలిని గాబట్టే నాలుగు దినాలకొకసారి ఆమె కాళ్లు చూడాల్సింది. చూడలే. ఆఫీసుల గీతలు చూసుకుంట కూసున్న. కొడుకువి, నువ్వు చూసినవా?”

అతను చూడలేదు. మాట తూలినందుకు నవతకు వెంటనే బాధేసింది, కానీ వెనక్కి తీసుకోలేదు.

తలుపు నెట్టుకుని రామ్‌కిషన్ వచ్చాడు. పొద్దున తప్పు లెక్క ఇవ్వనని ఠీవిగా నిలబడిన మనిషి ఆయనేనా అనిపించింది.

“నా పేరు రాయి బిడ్డా. వాపు నాకే వచ్చిందని రాయి. ఎవ్వలొచ్చి అడిగినా నేను చెప్త. దేవుని మీద ఒట్టు పెట్టమన్నా పెడ్త.”

“పొద్దుగాల తప్పు లెక్క ఇయ్యనన్నరు మామా.”

“పొద్దుగాల ఆమె కాళ్లు వాచినయని నాకెరుకలే.”

నవతకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన మీద పొద్దుటి నుంచి ఉన్న కోపమంతా ఎక్కడికి పోయిందో పోయింది. ఆ ముసలాయన జీవితంలో మొదటి అబద్ధం ఆడటానికి సిద్ధపడి, అది ఎట్లా ఆడాలో కూడా తెలియక, చేతులు కట్టుకుని కోడలి ముందు నిలబడ్డాడు. ఆడిస్తే ఇల్లు నిలబడుతుంది. ఆడించాలని ఆమెకూ ఉంది.

ఆయన జేబులో కార్డు అడిగి తీసుకుంది. నడింట్లోకి వచ్చి, అందరూ వినేటట్టు ఫోన్ స్పీకర్ మీద పెట్టి, ఎమర్జెన్సీ నంబర్ నొక్కింది.

అవతల ఒక ఆడ డాక్టర్. పేషెంట్ నంబర్ అడిగింది. నవత చెప్పింది. పేషెంట్‌కు ఏమైందని అడిగింది. జగదీశ్ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

“పేషెంట్‌కు ఏం కాలేదు మేడమ్. మాత్రలు వేసుకుంది ఆయన కాదు, ఆయన భార్య. కిడ్నీల వల్ల మేమే వద్దని పంపిన మనిషి. మొదటి నుంచీ ఆమే వేసుకుంది, సెన్సర్ కూడా ఆమె చేతికే పెట్టారు. నేను ఈ సెంటర్ కోఆర్డినేటర్‌ని. ఆమె మా అత్తగారు.”

అవతలి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి, ఒకదాని మీద ఒకటి. వయసు, వాపు, రిపోర్టులో నంబరు, చివరి మాత్ర ఎప్పుడు. పేషెంట్ కోఆర్డినేటర్ బంధువని డాక్టర్‌కు ముందే తెలుసా అని కూడా అడిగింది. నవత తెలుసంది. తానూ ఊరుకున్నానంది. లైన్‌లోనే ఉండమని ఆమె ఎక్కడికో పోయింది.

ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

ఆ డాక్టర్ మళ్లీ లైన్‌లోకి వచ్చి కోడ్ విప్పామని చెప్పింది. అసలు మందే. వెంటనే ఆపాలి, ఇవాళే కిడ్నీల డాక్టర్ ఉన్న పెద్దాసుపత్రిలో చేర్చాలి, ఇప్పుడే చేరితే కిడ్నీలు తేరుకునే అవకాశం ఉంది, రోజులు గడిస్తే చెప్పలేమంది. రేపు కంపెనీ మనుషులు సెంటర్‌కు వస్తున్నారంది. ఆఖరికి, ఇక మీదట ఆ సెంటర్ కంప్యూటర్ ముట్టుకోవద్దని నవతకు చాలా మర్యాదగా చెప్పింది.

నవత ఫోన్ పెట్టేసింది. అంతే, ఉద్యోగం పోయింది. దాని గురించి తర్వాత ఏడవవచ్చు.

రామ్‌కిషన్ అప్పటికే కారు తాళాలు తీసుకుని బయటికి పరుగెత్తాడు. జగదీశ్ బీరువాలోంచి తల్లి చీరలు తీసి సంచిలో కుక్కుతున్నాడు. భార్యతో మాట్లాడలేదు గానీ, పని మాత్రం చేస్తున్నాడు. నవత పాత రిపోర్టులన్నీ ఒక కవర్లో పెట్టి, అత్తగారి చెప్పులు మంచం దగ్గర పెట్టింది.

మనోరమ లేచి కూర్చుంది. చెప్పుల్లో కాలు పెట్టలేదు.

“అసలు మందే అన్నది గద ఆమె. అంటె నా పుండు మానింది దానితోనే.”

“కిడ్నీలు చెడుతున్నది గూడ దానితోనే అత్తమ్మా. లే, పోదాం.”

“కిడ్నీ పోతె మిషన్ మీద పెట్టి రక్తం కడుగుతరు. మన గల్లీల గౌహర్ బేగం వారానికి రెండుసార్లు పోయొస్తలేదా? తన కాళ్ల మీద తాను నడిచి బస్సెక్కుతది. కాలు పోతె ఏ మిషన్ ఉన్నది?” మనోరమ చాలా నిదానంగా మాట్లాడుతోంది. పొద్దుటి నుంచి ఆమె ఆలోచించింది ఇదేనని నవతకు ఇప్పుడర్థమైంది. “అక్కడ మందు బంద్ చేస్తరు. చెక్కర మల్ల ఎక్కుతది. పుండు మల్ల తెరుసుకుంటది. అప్పుడు కోస్తరు. కొయ్యరని, నా కాలు నాకుంటదని ఒక్కమాట చెప్పు. ఇప్పుడే లేసి కార్ల కూసుంట.”

“ఉంటదమ్మా,” అన్నాడు జగదీశ్, సంచి కింద పడేసి. “ఏం గాదు, నీ కాలు ఉంటది. లే.”

“నిన్ను అడుగలే. ఫోన్ల అబద్ధమాడనామెను అడుగుతున్న.”

జగదీశ్ నవత వైపు తిరిగాడు. అతని కళ్లలో ఇప్పుడు కోపం లేదు. చెప్పు అని వేడుకుంటున్నాయి.

ఉంటది. ఆ ఒక్కమాట అంటే చాలు. ఆమె లేస్తుంది, కారెక్కుతుంది, సాయంత్రానికి మంచి డాక్టర్ చేతిలో ఉంటుంది. ఇన్సులిన్ పెంచి షుగర్‌ను పట్టి ఉంచితే కాలు నిజంగానే ఉండవచ్చు. ఉండకపోవచ్చు కూడా. ముక్కూ ముఖం తెలియని వాళ్లకు అబద్ధం చెప్పనని ఇవాళ పంతం పట్టింది. ఎదురుగా ఉన్న ఈ మనిషికి చెప్పడానికి అడ్డమేమిటి? చెబితే బతుకుతుంది. చెబితే, ఎప్పుడో ఒకనాడు కాలు పోతే, ఈ ఇంట్లో ఇక ఎవరి మాటా ఆమె నమ్మదు.

నవత మంచం దగ్గర కింద కూర్చుని వాచిన పాదం మీద చెయ్యి వేసింది. చల్లగా, బరువుగా ఉంది.

“తెల్వదత్తమ్మా,” అంది. “ఉంటదనే పోదాం. కాని నాకు తెల్వదు.”

మనోరమ ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. తర్వాత కోడలి చేతి కింది నుంచి పాదం మెల్లగా వెనక్కి తీసుకుని, కాళ్లు రెండూ మంచం మీద పెట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది.

బయట రామ్‌కిషన్ కారు స్టార్ట్ చేసి పెట్టి, ఎవరూ రావడం లేదని హారన్ కొట్టాడు.